కుందేలు పిల్ల తల్లిని ఎప్పుడు విడవాలి?



ఈ రోజు ఒక చిన్న ప్రాణి గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. అది కుందేలు. మా సోలాపూర్‌లో మరాఠీ పిల్లలు దాన్ని ససా అంటారు. మా తెలుగు ఇండ్ల పిల్లలు ఇంట్లో కుందేలు అంటారు, గల్లీలోకి వస్తే ససా అంటారు. పేరు ఏదైనా, అది ఇష్టం లేని పిల్లలు ఉండరు. జాతరలోనో, వారం సంతలోనో గంపలో తెల్లటి పిల్లలను చూస్తే, కొనిపెట్టేదాకా తల్లిదండ్రుల చెయ్యి వదలరు. మనం కొనిస్తాం. నాలుగు రోజులకు అది చనిపోతుంది. పిల్లలు ఏడుస్తారు. "దానికి ఆయుష్షు అంతే" అని ఊరుకుంటాం.

చాలాసార్లు అది ఆయుష్షు తీరడం కాదండీ. తల్లి దగ్గర ఉండాల్సిన వయసులో తల్లి నుంచి తీసుకురావడం. ఈ సంగతి తెలియక నేనే ఒక పిల్ల కంట నీరు తెప్పించాను. అందుకే ఈ ప్రసంగం.

మా ఇల్లు సోలాపూర్ తూర్పు భాగంలో ఉంది. అశోక్ చౌక్, సాఖర్ పేఠ, దాజీ పేఠ ప్రాంతాలు తెలిసినవారికి మా గల్లీలు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. ఒక ఇంట్లో సాంచాలు నడుస్తుంటాయి, చాదర్లు, టవళ్లు దిగుతుంటాయి. పక్క ఇంటి అరుగు మీద ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. మా ముత్తాతల కాలంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లం. నేను ఇక్కడే ఒక బడిలో పాఠాలు చెబుతాను. పిల్లలు నన్ను మరాఠీ పద్ధతిలో 'బాయీ' అని పిలుస్తారు.

కొన్నేళ్ల కిందట సంక్రాంతి సమయంలో, సిద్ధేశ్వర యాత్ర జరిగే రోజుల్లో, ఆరో తరగతి అమ్మాయి ఒకతె చెప్పుల డబ్బాలో కుందేలు పిల్లను పెట్టుకుని బడికి వచ్చింది. అది నా అరచేతిలో పట్టేంత ఉంది. "బాయీ, గిది ఏం తింటలేదు" అంది. నేను చూశాను. చిన్నపిల్ల కదా, పాలు పడితే సరిపోతుందనుకున్నాను. "దూదితో బర్రెపాలు పట్టు, కొంచెం గోబీ ఆకు వెయ్యి" అని చెప్పాను. పాపం, ఆ అమ్మాయి నేను చెప్పినట్టే చేసింది. మర్నాటికి దానికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజు ఖాళీ డబ్బాతో వచ్చి, "బాయీ, నేనే సంపిన్నా?" అని అడిగింది.

బి.ఎడ్. చదివాను, ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం పశువుల డాక్టరు గారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన అంతా విని, "అమ్మా, అది ఇరవై రోజుల పిల్ల అయి ఉంటుంది. తప్పు అమ్మాయిది కాదు. దాన్ని అప్పుడే తల్లి నుంచి తీసినవాళ్లది మొదటి తప్పు, బర్రెపాలు పట్టమన్నవాళ్లది రెండో తప్పు" అన్నారు. ఆ రెండో తప్పు నాదేనని ఆయనకు చెప్పాను. మర్నాడు తరగతిలో ఆ అమ్మాయికీ చెప్పాను.

ఆ తర్వాత అడిగి, చదివి, కళ్లారా చూసి తెలుసుకున్న విషయాలు ఇప్పుడు వరుసగా చెబుతాను.

ఆడ కుందేలు చూలు 30 నుంచి 32 రోజులు. ఈనే ముందు అది తన ఒంటి మీది బొచ్చు పీకి గూటిలో పరుస్తుంది. పుట్టిన పిల్లలకు వెంట్రుకలు ఉండవు, కళ్లు తెరవవు, చెవులు వినిపించవు. పది, పన్నెండు రోజులకు కళ్లు తెరుస్తాయి. రెండున్నర, మూడు వారాలకు గూడు దాటి బయటికి వస్తాయి. అప్పుడే గడ్డి పోచలు కొరకడం మొదలుపెడతాయి. చూడటానికి అచ్చం పెద్ద కుందేలు బొమ్మలా, ఎంతో ముద్దుగా ఉంటాయి. అమ్మేవాళ్లు వాటిని గంపలో వేసేది సరిగ్గా ఈ వయసులోనే. "గడ్డి తింటోంది చూడండి, ఇక తల్లితో పని లేదు" అంటారు.

ఇక్కడే మనం మోసపోతాం. గడ్డి కొరకడం వేరు, గడ్డి అరగడం వేరు. మన ఇండ్లలో ఆరు నెలల బిడ్డకు అన్నప్రాశన చేస్తాం. చేసిన మర్నాటి నుంచి తల్లిపాలు మాన్పిస్తామా? లేదు కదా. కుందేలు పిల్లకు మూడో వారం అన్నప్రాశన వంటిది. అక్కడి నుంచి పాలూ గడ్డీ రెండూ కలిసి సాగాలి.

ఎందుకో చూడండి. కుందేలు పాలు చాలా చిక్కనివి. ఆవు పాలలో కొవ్వు సుమారు నాలుగు శాతం, బర్రెపాలలో ఏడు శాతం ఉంటే, కుందేలు పాలలో పన్నెండు శాతం దాకా ఉంటుంది. మాంసకృత్తులు కూడా దాదాపు అంతే ఉంటాయి. పాలకు తీపినిచ్చే చక్కెర మాత్రం చాలా తక్కువ. ఆవు, బర్రెపాలలో ఆ చక్కెర ఎక్కువ కాబట్టి కుందేలు పిల్లకు అవి పడవు, విరేచనాలు అవుతాయి. నేను చేసిన పొరపాటు ఇదే.

రెండో సంగతి. తల్లిపాలు తాగేటప్పుడు పిల్ల కడుపులో తయారయ్యే కొన్ని పదార్థాలు హాని చేసే సూక్ష్మజీవులను అణచి ఉంచుతాయి. పెద్ద కుందేలుకు ఆ పని దాని కడుపులోని ఘాటైన ఆమ్లం చేస్తుంది. పిల్లకు ఆ ఆమ్లం ఒక్కరోజులో రాదు, వారాల మీద మెల్లగా పెరుగుతుంది. పాలు హఠాత్తుగా ఆగిపోయి, ఆమ్లం ఇంకా తయారు కాకపోతే, మధ్యలో కాపలా ఉండదు. అప్పుడు పేగులు చెడిపోయి కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. అంత చిన్న ప్రాణి ఒకటి రెండు రోజులకు మించి తట్టుకోలేదు.

మూడో సంగతి వింటే కొందరికి వింతగా ఉంటుంది. తల్లి గూటిలో కొన్ని పెంటికలు వదిలి వెళుతుంది. పిల్లలు వాటిని కొరుకుతాయి. అది మురికి అలవాటు కాదు. గడ్డిని అరిగించే మంచి సూక్ష్మజీవులు తల్లి నుంచి పిల్లకు అందే దారి అదే. మనం పాలు తోడు వేయడానికి నిన్నటి పెరుగు చుక్క వేసినట్టు అనుకోండి.

మరి ఎన్ని రోజులకు విడదీయాలి? పెద్ద ఫారాలలో నాలుగు నుంచి ఆరు వారాల మధ్య తల్లిని వేరు చేస్తారు. వాళ్ల దగ్గర తగిన దాణా, మందులు, చూసుకునే మనుషులు ఉంటారు. పైగా తల్లి మళ్లీ త్వరగా ఈనాలన్నది వాళ్ల లెక్క. మన ఇండ్లకు ఆ లెక్క పనికిరాదు. ఆరు వారాల లోపు తల్లి నుంచి తీయవద్దు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పంపాలంటే ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండనివ్వండి. తల్లిని విడవడం ఒక కష్టం, ఇల్లు మారడం ఇంకో కష్టం. రెండూ ఒకేరోజు దాని మీద పడకూడదు.

మరీ ఎక్కువ కాలం కూడా కలిపి ఉంచకూడదు. కుందేళ్లు మూడున్నర, నాలుగు నెలలకే ఈడుకు వస్తాయి. కాబట్టి పది, పన్నెండు వారాలకల్లా మగ పిల్లలను తల్లి నుంచి, అక్కచెల్లెళ్ల నుంచి వేరు చేయాలి. తండ్రి కుందేలును తల్లి ఈనకముందే వేరే పింజ్రాలో పెట్టాలి. ఎందుకంటే ఈనిన రోజే అది మళ్లీ చూలు కట్టగలదు.

ఇంకో అపోహ ఉంది. "తల్లి పిల్లల దగ్గర కూర్చోవడమే లేదు, వదిలేసింది" అని కంగారుపడి పిల్లలను తీసేసేవాళ్లు ఉన్నారు. కుందేలు రోజుకు ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు పాలిస్తుంది. అది కూడా మూడు నాలుగు నిమిషాలే, ఎక్కువగా చీకటి వేళ. మిగతా సమయం దూరంగా ఉంటుంది. గూటి జాడ శత్రువుకు తెలియకుండా ప్రకృతి నేర్పిన జాగ్రత్త అది. పొద్దున పిల్లల పొట్టలు గుండ్రంగా ఉన్నాయంటే తల్లి తన పని చేసినట్టే. పొట్టలు లోపలికి పోయి, ముడతలు పడి ఉంటేనే డాక్టరుకు చూపించాలి.

ఇక విడదీసే పద్ధతి. పిల్లలను తీసుకెళ్లి కొత్తచోట పెట్టకండి. తల్లినే వేరే పింజ్రాలోకి మార్చండి. పిల్లలు తెలిసిన చోటే, తోబుట్టువులతో కలిసి ఉంటాయి. మొదట కొన్ని గంటలు, తర్వాత ఒక పూట, తర్వాత రోజంతా అలా అలవాటు చేయండి. ఆ వారం తిండి మార్చకండి. విడవకముందు ఏం తిన్నాయో తర్వాతా అదే పెట్టండి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. శుభ్రమైన నీళ్లు ఉండాలి. మన దగ్గర 'ఘాస్' అని అమ్మే లూసర్న్ పెరిగే పిల్లలకు మంచిదే, కానీ తడిది, కుప్పలో వేడెక్కినది వేయకండి. కొత్త ఆకు ఏదైనా చిటికెడుతో మొదలుపెట్టాలి. గోబీ, రొట్టె, బిస్కెట్లు పెట్టకండి. మనది జొన్నల సీమ కదా, చేలో లేత జొన్న సులభంగా దొరుకుతుంది. దానిలో విషముంటుందని పశువులున్న రైతులకు తెలుసు. కుందేలుకూ అది వద్దు.

మా నేత ఇండ్లవాళ్లకు మరో రెండు మూడు మాటలు. కారఖానాలో మిగిలిన నూలు పోగులు గూటిలో మెత్తగా ఉంటాయని వేస్తారు. ఆ పోగులు పిల్లల కాళ్లకు, మెడకు చుట్టుకుని బిగుసుకుంటాయి. ఎండుగడ్డి, తల్లి పీకిన బొచ్చు చాలు. బీడీ తంబాకు, దాని దుమ్ము కుందేలుకు విషం. పింజ్రాను బీడీలు చుట్టే చోటికి దూరంగా పెట్టండి. సాంచాల చప్పుడుకు కుందేలు బెదురుతుంది, కాబట్టి ఆ గోడ పక్కన కూడా వద్దు. అన్నిటికంటే పెద్ద శత్రువు మన ఎండ. కుందేలుకు చెమట పట్టదు. 35 డిగ్రీలు దాటితే దాని ప్రాణానికే ప్రమాదం. మన సోలాపూర్ మే నెలలో 40 దాటుతుంది. రేకుల కప్పు కింద ఉంచకండి. నీడలో, గాలి ఆడేచోట, పింజ్రా మీద తడి గోనెసంచి కప్పండి. నడి ఎండాకాలంలో పిల్లలను విడదీయడం, ఊళ్లు దాటించడం మానుకోండి.

కొనేవాళ్లు నాలుగు విషయాలు చూసుకోండి. పుట్టిన తేదీ అడగండి. తల్లిని చూపించమనండి. మీ ముందు గడ్డి తినిపించి చూడండి. తోక కింద శుభ్రంగా ఉందా, కళ్లు తేటగా ఉన్నాయా గమనించండి. జవాబు సరిగ్గా రాకపోతే కొనకండి. జాలిపడి కొన్నా ఆ వ్యాపారం పెరుగుతుంది, అంతే.

ఒకవేళ చిన్నపిల్లను ఇప్పటికే తెచ్చి ఉంటే, తల్లి ఎక్కడుందో తెలిస్తే వెంటనే తిరిగి చేర్చండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి చేరనివ్వదన్న మాట నిజం కాదు. పెంపుడు కుందేలు చాలావరకు చేరనిస్తుంది. ఆ అవకాశం లేకపోతే వెచ్చగా ఉంచి, ఆలస్యం చేయకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. సొంత వైద్యం వద్దు.

నన్నజ్ మాళ్‌దోక్ అభయారణ్యం వైపు పొలాల్లో, గడ్డి మైదానాల్లో కనిపించే చెవుల పిల్లి, అంటే అడవి కుందేలు, వేరే జాతి. దాని పిల్లలు పుట్టగానే కళ్లు తెరిచి, ఒంటి నిండా బొచ్చుతో ఉంటాయి. తల్లి వాటిని గడ్డిలో దాచి దూరంగా ఉంటుంది, చీకటి పడ్డాక వచ్చి పాలిస్తుంది. ఒంటరిగా ఉందని ఇంటికి తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పెంచడం నేరం కూడా.

ఇక ఆ అమ్మాయి సంగతి. మరుసటి ఏడు వాళ్ల గల్లీలో ఒకరింట కుందేలు ఈనింది. ఆరు పిల్లలు. అమ్మాయి తరగతి గోడకు ఒక కాగితం అంటించి, రోజుకో గీత గీస్తూ వచ్చింది. కళ్లు తెరిచిన రోజు, గూడు దాటిన రోజు, మొదటి గడ్డి పోచ కొరికిన రోజు, అన్నీ రాసింది. ఒక పిల్ల మొదటి వారంలోనే పోయింది. మిగతా ఐదూ నిలిచాయి. ఇరవయ్యో రోజున ఒకాయన వచ్చి డబ్బులిస్తాను, ఇవ్వమన్నాడట. అక్కడే బీడీలు చుడుతున్న అవ్వ ఒకామె తల ఎత్తకుండానే, "బాలెంత దగ్గరి పిల్లను ఎవరన్న గుంజుకపోతరా బిడ్డా? దాని దినాలు నిండనియ్యి" అన్నదట. నేను పుస్తకాల్లో వెతికి తెలుసుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

యాభై ఆరో గీత గీసిన రోజు అమ్మాయి ఒక పిల్లను చెప్పుల డబ్బాలో పెట్టుకుని బడికి తెచ్చింది. అది డబ్బాలో పట్టక తల బయట పెట్టి చూస్తోంది. "బాయీ, గిది అన్నీ తింటున్నది" అంది.

శ్రోతలారా, మీ పిల్లలు కుందేలు కావాలని మారాం చేస్తే కొనివ్వండి, తప్పు లేదు. కానీ దాని దినాలు నిండేదాకా ఆగమని వాళ్లకు చెప్పండి. ఆగడం నేర్చుకున్న పిల్ల పెంచడమూ నేర్చుకుంటుంది.