తండ్రి బరి, కుమార్తె విల్లు

మొన్న ఒక సాయంకాలము గుణదలలో కాలువగట్టు వెంట నడచి వచ్చుచుండగా పొరుగింటి ఇల్లాలు మమ్ము ఆపి ఒక ప్రశ్న వేసినారు. "అన్నయ్యగారూ, మీరు రేడియోలో పనిచేసేవారు గదా, మీకు తెలిసే ఉంటుంది. మన బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖకు అన్ని పతకాలు వచ్చాయంటారే, ఒలింపిక్సులో ఆ పేరు ఎప్పుడూ వినపడదేమండీ? మా పిల్ల కూడా విల్లు పట్టుకుంటానంటోంది. ఒలింపిక్సుకు పోని ఆట నేర్పించి ఏం లాభం?" ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పబోగా ఒక కుటుంబము కథయే చెప్పవలసి వచ్చినది. ఆనాడు గట్టుమీద సగములో నిలిచిపోయిన జవాబును నేడు శ్రోతల ఎదుట పూర్తి చేయదలచినాము.

విల్లు మన పట్టణమునకు క్రొత్తది కాదు. అర్జునుడు తపమొనర్చి పాశుపతము పొందినది ఇంద్రకీలాద్రి మీదనే యని స్థలపురాణము. విజయుడన్నది ఆయన పేరే. అట్టి ఊరిలో వెన్నం జ్యోతి సురేఖ 1996 జూలై 3వ తేదీన జన్మించినారు. తండ్రి సురేంద్రకుమార్ గారు వృత్తిరీత్యా పశువైద్యులు. అంతకు పూర్వము కబడ్డి ఆటగారు. బరిలో కూత పెట్టి వచ్చినవాని ఇంట బిడ్డలకు ఆట యన్నది వేరుగా బోధింపవలసిన పాఠము కాదు. ఐదేండ్లయినను నిండకముందే ఈ బాలిక కృష్ణానదిని ఈది, లిమ్కా రికార్డుల పుస్తకమునకు ఎక్కినది. విల్లు చేతికి వచ్చినది ఆ తరువాతనే.

ఆమె ఎన్నుకొన్నది కాంపౌండ్ విల్లు. శ్రోతలు దీనిని కొంచెము తెలిసికొనవలెను. ఏలయన చిక్కంతయు ఇందులోనే ఉన్నది. ఒలింపిక్సులో వాడుచు వచ్చినది రికర్వ్ విల్లు. కొనలు ముందుకు వంగిన ఆ విల్లును లాగినకొలది బరువు పెరుగును. కాంపౌండ్ విల్లు 1960ల నడుమ అమెరికాలో పుట్టినది. దీని రెండు కొనలయందును కప్పీలుండును. నారి పూర్తిగా లాగినపుడు ఆ కప్పీలు భారములో పెద్దపాలు తాము మోయును. గురి చూచుటకు భూతద్దము వంటి అద్దము కూడ నుండును. అట్లని పని సులభమనుకొనరాదు. 50 మీటర్ల దూరమున పది పాయింట్ల వలయము అడ్డుకొలత 8 సెంటీమీటర్లు. అనగా అడ్డముగా కోసిన బత్తాయిపండంత. అందరును పదులే కొట్టు పోటీలో ఒక్క తొమ్మిది పడినచో ఓటమి.

ఈ ఇరుకు వలయముతోనే ఆమె జీవితము గడచినది. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో జట్టుతో కాంస్యము. 2018లో జకార్తాలో జట్టుతో రజతము. నడుమ 2017లో అర్జున పురస్కారము. 2021లో అమెరికాలోని యాంక్టన్ ప్రపంచ పోటీలలో మూడు రజతములు వచ్చినవి. మూడు రజతములనగా మూడు ఫైనల్సులో ఓటములు. వ్యక్తిగత పోటీలో తేడా రెండే పాయింట్లు. అటుపై 2023లో బెర్లిన్‌లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కూడి జట్టు స్వర్ణము గెలిచినారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో భారత విలుకాండ్రకు అదియే తొలి స్వర్ణము. అదే ఏడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మిశ్రమ జట్టు, మహిళల జట్టు, వ్యక్తిగతము అను మూడింటను స్వర్ణములే. చివరి పోటీలో కొరియా విలుకత్తెపై 149-145 పాయింట్లతో గెలిచినారు. 2025 అక్టోబరులో నాన్జింగ్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్సు కాంస్యపు పోటీలో పదునైదు బాణములకు పదునైదును పదులే!

ఇంత గెలిచినను ఒలింపిక్సు ద్వారము తెరువబడలేదు. లోపము ఆమెయందు లేదు, ఆ విల్లుకు అచట చోటు లేకపోయినది. 1972లో విలువిద్య ఒలింపిక్సులోనికి మరల వచ్చినది మొదలు 2024లో పారిస్ క్రీడల వరకు రికర్వ్ విల్లునకే ప్రవేశము. ఇచట మాకు తండ్రిగారి ఆట జ్ఞప్తికి వచ్చుచున్నది. కబడ్డి 1936లో బెర్లిన్ ఒలింపిక్సు వేళ ప్రదర్శనగా ఆడిరి; పతకపు ఆటగా నేటికిని అచట చేరలేదు. తండ్రి బరియు కుమార్తె విల్లును ఒకే గుమ్మము వెలుపల నిలిచినవి. ఆట గల కుటుంబము బిడ్డకు ఇచ్చు ఆస్తి పతకములు కావని మా తలంపు. చప్పట్లు కొట్టువారు లేని ఉదయమున కూడ లేచి సాధన చేయు అలవాటు, ఓడి ఇంటికి వచ్చిన నాడు కారణములు వెదకక అన్నము పెట్టు తాల్మి, ఇవియే ఆ ఆస్తి.

2025 ఏప్రిల్‌లో ఒక వార్త వచ్చినది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ చేర్చబడినది. కాని ఆ జట్టులో ఒక పురుషుడు, ఒక స్త్రీ మాత్రమే. బెర్లిన్‌లో ప్రక్కన నిలిచి బాణములు వేసిన చెలులే ఆ ఒక్క చోటునకు పోటీదారులు కావచ్చును. ఆ క్రీడలు మొదలగు నాటికి జ్యోతి సురేఖకు 32 ఏండ్లు నిండియుండును. ఆ చోటు దక్కునో లేదో చెప్పుటకు మేము జ్యోతిష్కులము కాము.

పొరుగింటి అమ్మగారికి మా జవాబు ఇంతే. అమ్మా, ద్వారము తెరచిన పిమ్మట బయలుదేరినవారు సకాలమున చేరలేరు. మూసియున్నపుడే నడువనారంభించినవారికే ఆ అవకాశము. మీ అమ్మాయిని విల్లు పట్టనిండు. ఒలింపిక్సు వచ్చిన వచ్చును, రాకున్న రాకపోవును. ఉదయమున లేచుట మాత్రము తప్పక వచ్చును.