నిఖానామా నుంచి గ్రీన్‌కార్డు దాకా: బిడ్డ చేతిలో ఉండాల్సిన కాగితాలు
(సొసైటీ వార్షిక సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో స్కాలర్‌షిప్పుల లెక్క, వితంతువులకిచ్చే నెలసరి సాయం లెక్క, పేదింటి పెళ్లిళ్లకు పెట్టిన ఖర్చు లెక్క మీ ముందు పెడుతున్నాం. ఆ పద్దులు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి, తీరిగ్గా చూడండి. ఇప్పుడు మేము అడగబోయేది ఒక కొత్త పద్దు. జిరాక్సులు, తర్జుమాలు, హైదరాబాద్‌కు రానుపోను చార్జీలు, ఎప్పుడైనా ఒకసారి అక్కడి వకీలు ఫీజు. పెళ్లి పందిరి ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. అయినా మీ ముందు ఇంతసేపు మాట్లాడాల్సి వస్తోంది. ఎందుకో చెప్తాం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇళ్లలోకి ఇప్పుడు అమెరికా సంబంధాలు వస్తున్నాయి. అబ్బాయి అక్కడ హెచ్-1 మీద ఉంటే అమ్మాయి హెచ్-4 మీద వెళ్తుంది. ఆ బిడ్డల సంగతి వేరు, ఈ మాట వాళ్ల గురించి కాదు. అబ్బాయికి అక్కడి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి, పెళ్లయి రెండేళ్లు నిండకముందే అమ్మాయికి ఆ పెళ్లి ద్వారా గ్రీన్‌కార్డు వస్తే, అది రెండేళ్ల షరతుల కార్డు. పెళ్లికి అప్పటికే రెండేళ్లు దాటి ఉంటే పదేళ్ల కార్డు వస్తుంది, ఈ షరతు ఉండదు. దొంగ పెళ్లిళ్లను ఆపడానికి 1986లో అక్కడి చట్టసభ తెచ్చిన చట్టమిది. కెనడా కూడా 2012లో ఇలాంటి షరతే పెట్టింది. భర్త ఎంత కొట్టినా నోరెత్తని ఆడవాళ్లు దీనివల్ల పెరుగుతారని విమర్శలు వచ్చాయి, 2017లో తీసేసింది. అమెరికాలో మాత్రం అలాగే ఉంది.

షరతు తీయించుకోవాలంటే ఐ-751 అనే దరఖాస్తు పెట్టాలి. కార్డు గడువు తీరే తేదీకి ముందున్న 90 రోజుల్లో, భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి పంపాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని ఫీజు 750 డాలర్లు. తొందరపడి ముందే పంపితే తిప్పి పంపుతారు. అసలే పంపకపోతే హోదా దానంతటదే రద్దవుతుంది, దేశం నుంచి పంపేసే కేసు మొదలవుతుంది. సమయానికి పంపినవాళ్లకు రసీదు వస్తుంది. 2023 జనవరి నుంచి ఆ రసీదు పాత కార్డు గడువును 48 నెలలు పొడిగిస్తోంది.

దరఖాస్తుతో పాటు జత చేయాల్సిన రుజువుల దగ్గరే అసలు కథ ఉంది. అధికారి చూసేది ఒక్కటే: ఈ ఇద్దరూ నిజంగా కాపురం చేసే ఉద్దేశంతోనే పెళ్లి చేసుకున్నారా? ఇద్దరి పేర్లతో ఇంటి అద్దె ఒప్పందం, జాయింట్ బ్యాంకు ఖాతా, కలిపి వేసిన ఆదాయపు పన్ను రిటర్నులు, ఒకరి బీమాలో ఇంకొకరి పేరు, పిల్లలుంటే వాళ్ల జనన పత్రాలు, కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు, ఇద్దరినీ దగ్గరగా ఎరిగినవాళ్ల ప్రమాణ పత్రాలు అడుగుతారు. ఒక నెలలో కూర్చోబెట్టి పుట్టించగలిగినవి కావు ఇవి. రెండేళ్ల పాటు నెలకొకటి చొప్పున పేరుకోవాలి.

మన బిడ్డ ఉన్న ఇంట్లో అవి ఎవరి పేరు మీద పేరుకుంటున్నాయి? అద్దె ఒప్పందం అబ్బాయిది, ఎందుకంటే ఆమె వెళ్లకముందే ఆ ఇల్లు తీసుకున్నాడు. బ్యాంకు అబ్బాయిది. కరెంటు బిల్లు, ఫోను బిల్లు కూడా అతనివే. నిఖానామా అసలు ప్రతి అతని అల్మారాలో ఉంటుంది. కాపురం చక్కగా సాగినంతకాలం ఇందులో తప్పు కనిపించదు. తేడా వచ్చిన రోజున మాత్రం ఆ ఇంట్లో తాను రెండేళ్లు ఉన్నట్టు చూపించడానికి ఆమె పేరున్న కాగితం ఒక్కటి దొరకదు. "నేను సంతకం పెట్టకపోతే ఏం చేస్తావు, వాపస్ పోతావు" అన్న మాటకు బలం అక్కడి నుంచే వస్తుంది.

ఈ బెదిరింపులో సగం అబద్ధమే. ఈ సంగతి మన ఇళ్లలో ప్రతి తల్లికీ తెలియాలి. భర్త సంతకం లేకుండా భార్య ఒక్కతే దరఖాస్తు పెట్టుకునే దారులు అదే చట్టంలో ఉన్నాయి. నిజాయితీగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా, భర్త చనిపోయినా, వెనక్కి పంపితే ఆమెకు తీవ్రమైన కష్టం తప్పదన్నా, భర్త కొట్టినా, మానసికంగా క్రూరంగా హింసించినా మినహాయింపు అడగవచ్చు. చివరిది మొదట్లో లేదు, 1990లో చేర్చారు. ఒంటరిగా దరఖాస్తు పెట్టేవాళ్లు 90 రోజుల గడువు కోసం ఆగాల్సిన పని కూడా లేదు. హింస కారణంగా పెట్టిన దరఖాస్తు వివరాలను అధికారులు భర్తకు చెప్పకూడదని అక్కడి చట్టమే కట్టడి చేసింది. అబద్ధం కాని మిగతా సగం ఏమిటంటే, ఏ దారిలో వెళ్లినా పెళ్లి నిజమైనదని రుజువు చేసే బాధ్యత ఆమెదే. చట్టం తలుపు తెరిచి పెట్టినా కాగితాలు లేకుండా లోపలికి పోలేం.

విడాకుల దారిలో మనవాళ్లు తరచుగా తప్పటడుగు వేసేచోటు ఒకటుంది. ఫోనులోనో వాట్సాప్‌లోనో తలాక్ అన్నాడు కాబట్టి అయిపోయిందనుకుంటారు. ఒక్కసారిగా చెప్పే మూడు తలాక్‌లు ఇక్కడ 2019 చట్టం ప్రకారం చెల్లవు, పైగా నేరం. అక్కడ నివసించేవాళ్లకు ఆ రాష్ట్ర కోర్టు ఇచ్చే తుది డిక్రీయే విడాకులు. అధికారి అడిగేది ఆ డిక్రీనే. అది లేకుండా పెద్దమనుషుల రాజీ కాగితం పంపితే పని జరగదు.

మా దగ్గరికి మానుకోట వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. బిడ్డ అక్కడ బంధువులింటికి చేరుకుంది, కట్టుబట్టలతో. పాస్‌పోర్టు ఒక్కటే వెంట తెచ్చుకోగలిగింది. ఇక్కడ తల్లిదండ్రుల దగ్గర పెళ్లి వీడియో ఉంది, నిఖానామా నకలు లేదు. ఖాజీ గారి రిజిస్టరులోంచి నకలు తీయించి, హైదరాబాద్ నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లిష్‌లో మ్యారేజ్ సర్టిఫికెట్ తెప్పించేసరికి ముగ్గురు సభ్యులు పలుమార్లు తిరగాల్సి వచ్చింది. పెళ్లయిన వారంలో తీసుకుంటే ఒక్కరోజు పని.

నిఖా గురించి ఇంకొక్క మాట. వీసా ఆలస్యమైందని అబ్బాయి అక్కడ, అమ్మాయి ఇక్కడ ఉండి ఫోనులోనో వీడియోలోనో నిఖా జరిపించడం మన దగ్గర ఉంది. షరియత్ ప్రకారం దాని తీరు ఉలమాలు చెప్తారు. అమెరికా వలస చట్టం మాత్రం దంపతులిద్దరూ ఒకరి ఎదుట ఒకరు లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తర్వాత వాళ్లు కలిసి కాపురం చేస్తే తప్ప లెక్కలోకి తీసుకోదు. అలాంటి నిఖా చేసినవాళ్లు అబ్బాయి తర్వాత ఇక్కడికి వచ్చిన తేదీ, పాస్‌పోర్టు మీది ముద్ర, టికెట్లు, వలీమా ఫోటోలు జాగ్రత్త చేసుకోవాలి.

ఇక పేర్లు, ఊళ్లు. మన కాగితాల్లో పెద్ద చిక్కు ఇదే. టెన్త్ మెమోలో ఎం.డి., ఆధార్‌లో మొహమ్మద్, పాస్‌పోర్టులో మొహమ్మెద్. స్కూల్లో సుల్తానా, నిఖానామాలో బేగం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద ఆ పిల్ల పేరే ఇంటిపేరవుతుంది, అసలు పేరు చోట 'తెలియదు' అని అర్థమొచ్చే మూడక్షరాలు పడతాయి. తర్వాత బ్యాంకులోనూ, లైసెన్సులోనూ అదే వెంటాడుతుంది. పెళ్లికి ముందే పాస్‌పోర్టు సరిచేయించండి.

జిల్లా పేరు కూడా అంతే. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి మన మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. ఏటూరునాగారంలో పుట్టిన అమ్మాయి ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు మారింది. జనన పత్రంలో వరంగల్, ఆధార్‌లో జయశంకర్ భూపాలపల్లి, భర్త నింపిన ఫారంలో ములుగు అని ఉంటే, ఎక్కడో కూర్చున్న అధికారికి ఇవి మూడు ఊళ్లలా కనిపిస్తాయి. జిల్లాల విభజన ఉత్తర్వు నకలు ఒకటి, నాలుగు వాక్యాల వివరణ ఒకటి జతచేస్తే చాలు. సింగరేణి క్వార్టర్లలో పెరిగి, తండ్రి రిటైరయ్యాక చిరునామా మారిన పిల్లలకూ ఇదే ఉపాయం.

ఉర్దూ నిఖానామాకు, తెలుగు పత్రాలకు పూర్తి ఇంగ్లిష్ తర్జుమా జోడించాలి. ప్రభుత్వ ముద్ర ఉన్న అనువాదకుడే కావాలని నియమం లేదు. రెండు భాషలూ బాగా వచ్చినవారు తర్జుమా చేసి, ఇది పూర్తిగా, సరిగ్గా ఉందని, తమకు ఆ భాషలు వచ్చని రాసి సంతకం పెడితే సరిపోతుంది. మన మధ్య రిటైరైన ఉర్దూ మాస్టార్లు, ఇంగ్లిష్ లెక్చరర్లు ఎంతమంది లేరు? డబ్బుతో పాటు ఈ సభ నుంచి మాకు కావాల్సిన చందా వాళ్ల సమయం.

ప్రమాణ పత్రాల విషయంలో మన అలవాటు మారాలి. నోటరీ దగ్గరికి వెళ్లి, "మాకు తెలిసినంతవరకు వారు అన్యోన్యంగా ఉన్నారు" అని ఒకే పాఠం టైపు చేయించి ఐదుగురు సంతకాలు పెట్టడం మనకు మామూలు. అలాంటి ఐదు పత్రాల కంటే నిజం చెప్పే ఒక్కటి నయం. తొర్రూరులో ఉన్న మేనమామ, అల్లుడు ఫలానా బక్రీదుకు వచ్చి ఐదు రోజులు తమ ఇంట్లో ఉన్నాడని, బిడ్డతో కలిసి ఎక్కడెక్కడికి వెళ్లాడని, తాను కళ్లారా చూసింది సొంత మాటల్లో రాయాలి. ఎక్కువ విలువ, అక్కడ ఆ ఇద్దరినీ దగ్గరగా చూసినవాళ్ల పత్రాలకు ఉంటుంది. చూడనిది రాయకండి. దొంగ పెళ్లికి అక్కడ ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి. అలాంటి కేసు దేనికీ ఈ సొసైటీ కాగితం రాయదు, రూపాయి ఇవ్వదు.

మనకు కాగితాలు పోగుచేయడం చేతకాదని మాత్రం ఎవరూ అనలేరు. 2014లో షాదీ ముబారక్ పథకం వచ్చింది. అప్పుడు 51,000, 2018 నుంచి 1,00,116 రూపాయలు. ఆ డబ్బు కోసం వయసు పత్రం, ఆదాయ పత్రం, ఆధార్, పెళ్లి కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకుని చదువురాని తల్లులు కూడా మీసేవకు, తహసీల్దార్ ఆఫీసుకు తిరిగి సాధించుకున్నారు. అప్పు చిన్నదైనా పెద్దదైనా రాసుకోవాలని, సాక్షులు ఉండాలని బఖరా సూరాలో 282వ ఆయత్ నేర్పిన ఉమ్మత్ మనది. బిడ్డ బతుకు మొత్తం ఆధారపడే ఒప్పందానికి మాత్రం నకలు ఉంచుకోవడం లేదు.

ఇదీ మా ప్రతిపాదన. విదేశానికి వెళ్లే ప్రతి పెళ్లికూతురికి ఒక ఫైలు ఇస్తాం. నిఖానామా నకలు, వక్ఫ్ బోర్డు సర్టిఫికెట్, తర్జుమా, జనన పత్రం, టెన్త్ మెమో, పేరు తేడాలపై వివరణ, మెహర్ ఎంతో రాసిన పేజీ, పెళ్లి ఫోటోలు పది. ఒక సెట్టు బిడ్డ చేతికి, ఒకటి తల్లి దగ్గర, ఒకటి సొసైటీ బీరువాలో, స్కాన్ ప్రతి బిడ్డ సొంత ఈమెయిల్‌లో. వెళ్లిన మొదటి నెలలోనే అద్దె ఒప్పందంలో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు పెట్టించమని అల్లుడికి పెళ్లి మాటలప్పుడే పెద్దలు చెప్పాలి. అనుమానంతో అడగనక్కర్లేదు, ఇద్దరి దరఖాస్తుకూ అదే కావాలి కదా. కార్డు మీది తేదీ మేము రాసుకుని, గడువుకు నాలుగు నెలల ముందు ఇంటికి ఫోను చేస్తాం.

కష్టంలో ఉన్న బిడ్డలకు అక్కడ న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో సఖి, హ్యూస్టన్‌లో దయ వంటి దక్షిణాసియా మహిళల సంస్థలు ఉన్నాయి. ఇక్కడ జాతీయ మహిళా కమిషన్‌లోనూ, తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలోనూ ఎన్నారై సెల్లులున్నాయి. ఈ పేర్లు ఫైలు అట్ట లోపలి వైపు అచ్చు వేయిస్తాం.

జకాత్ సొమ్ము ఇందులో కలపం. అది ఎవరికి చెల్లుతుందో ఉలమాలను అడిగే ఖర్చు పెడతాం. ఈ పద్దు సదఖా నుంచి, ప్రత్యేక చందాల నుంచి నడుస్తుంది, రసీదు పుస్తకం వేరుగా ఉంటుంది. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి అక్కడి కుటుంబాల బదులు హజ్ హౌస్‌కు వెళ్లే పని జనగామ సభ్యులు తీసుకున్నారు. తర్జుమాకు పేరిచ్చేవారు సభ అయ్యాక కోశాధికారి బల్ల దగ్గర రాసుకోండి. ఉర్దూకు ఇద్దరు, తెలుగుకు ఒకరు ఇప్పటికే ముందుకొచ్చారు, ఇంకా ముగ్గురు కావాలి.