వానలో పనిచేయువారికి తలకప్పు

(పెనుబల్లిలో రైతులు, వ్యవసాయ కూలీలు, పశువులు కాయువారి సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



జూన్ నెలలో నైరుతి ఋతుపవనము మన ప్రాంతమునకు చేరును. అది మొదలు సెప్టెంబరు తుదివరకు లంకాసాగర్ క్రింది పొలములలో నాట్లు, కలుపుతీతలు, చెలకలలో పత్తిపని, తోటలలో ఆయిల్‌పామ్ గెలల కోత, అడవి అంచున పశువుల మేపు, ఇవి యన్నియు వానలోనే సాగవలసియున్నవి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి కొత్తగూడెము, భద్రాచలము వేఱొక జిల్లాగా ఏర్పడినను, అడవికి ఆ గీత తెలియదు, వానకును తెలియదు. నారు ముదిరిపోవుచుండగా వాన వెలియుటకై ఎదురుచూచి కూర్చుండు రైతు లేడు. కనుక వానలో పనిచేయువారు తలపై ఏమి ధరింపవలెను, దానిని ఎట్లు ఎంచుకొనవలెను అను విషయమును నేడు మీ ముందుంచుచున్నాము.

తల తడిసినంత మాత్రమున జలుబు చేయునని పెద్దలు చెప్పుదురు. జలుబు సూక్ష్మక్రిముల వలన వచ్చును గాని వానచినుకు వలన రాదు. అయినను తడియుట వలన కీడు లేదని తలపరాదు. తడిసిన దేహముపై గాలి వీచినపుడు ఒంటిలోని వేడి త్వరత్వరగా హరించిపోవును. వణకు పుట్టును, వ్రేళ్లు కొంకరలు పోవును, కొడవలి పట్టు తప్పును. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱొకటి కలదు. నుదుటినుండి నీరు కన్నులలోనికి కారుచున్నపుడు మనుజుడు చేతితో తుడుచుకొనక మానడు. ఆ చేతికి బురద యుండును, ఎరువు యుండును, ఒక్కొక్కప్పుడు పురుగుమందు కూడ యుండును. అంచు వెడల్పుగల టోపీ చేయు మొదటి మేలు ఇదియే: కన్ను తుడుచుకొను అవసరమును తప్పించును.

గొడుగు బాటసారికి మంచిది. పనివానికి అది ఒక చేతిని కాజేయును. అందుచేతనే మన పూర్వులు చేతితో పనిలేని వానకప్పులను కల్పించుకొనిరి. ఆకులతో అల్లి తలపై ధరించు కప్పునకు గిడుగు అను పాతమాట తెలుగున ఉన్నది. తెలంగాణ పల్లెలలో గొంగడిని మడిచి కొప్పెరగా తలపై వేసికొనుట నేటికిని చూచుచున్నాము. గొంగడి తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. అది ఉన్నికి గల గుణము. కాని ఒక పూట వాన పీల్చుకొన్న గొంగడి బరువు మోసినవారికే తెలియును. తరువాత ఎరువుసంచి వచ్చినది. దాని ఒక మూలను రెండవ మూలలోనికి త్రోసిన క్షణములో కొప్పెర తయారగును, కానీ ఖర్చు లేదు. ఇప్పుడు దాని స్థానమును ప్లాస్టిక్ పట్టా ఆక్రమించినది.

ఈ పట్టాను మేము తక్కువచేసి మాటాడము. అది నీటిని ఒక చుక్కయైనను లోనికి రానీయదు. దాని దోషము వేఱు. దానిని తలపై కప్పి గడ్డము క్రింద ముడివేసినపుడు చెవులు మూతపడును. చెవినంటియున్న ప్లాస్టిక్కుపై చినుకులు పడు చప్పుడులో వేఱొక చప్పుడు వినరాదు. దమ్ముచేయుచు వెనుకకు వచ్చు ట్రాక్టరు వినబడదు. పొదలో ఎలుగుబంటి కదలిక వినబడదు. తోడివారు వేసిన కేక వినబడదు. దూరపు ఉరుము వినబడదు. మఱియు తల త్రిప్పినపుడు కొప్పెర తలతోపాటు తిరుగదు. ప్రక్కకు చూడబోయినవారికి ప్లాస్టిక్ అంచే కనబడును. టోపీ యట్లు కాదు. అది తలతోపాటు తిరుగును, చెవులను విడిచిపెట్టును. కావున వానటోపీ కొనునపుడు మొదట చూడవలసినది నీరాగునా యని మాత్రమే కాదు; చెవి, కన్ను పనిచేయునా యని కూడ.

అంచు ఎంత వెడల్పుండవలెను? నిలుచుండి, నడచుచు పనిచేయువారికి ముందు, ప్రక్కలు 3 అంగుళములకు తగ్గరాదు. వెనుక 4 లేక 5 అంగుళములుండి, మెడమీదుగా చొక్కా పట్టీకి వెలుపల నీరు పడవలెను. పూర్వపు ఐరోపా నావికుల నూనెగుడ్డ టోపీలకు ముందు పొట్టి అంచు, వెనుక పొడుగు అంచు ఉండెడిది ఇందుకే. అంచు మెత్తగా నుండిన తడిసి కన్నులపైకి వ్రేలాడును. దుకాణములో అంచును చేత పట్టి వంచి విడువుడు. అది తనంత తాను పూర్వరూపమునకు రానిచో ఆ టోపీ మనకు వలదు.

ఇక నాటువేయు స్త్రీల సంగతి. ఈ విషయమున కొంచెము నిలిచి ఆలోచింపవలసి యున్నది. ఏలయన బజారులో అమ్ము వానటోపీలన్నియు నిలుచున్న మనుజుని తలచుకొని చేసినవి. ఇంటికప్పున పై పెంకు క్రింది పెంకుపైకి వచ్చినట్లు, నిలుచున్నవాని టోపీ అంచు భుజముపై కప్పునకు పైగా నుండవలెను. అప్పుడే నీరు జారిపోవును. నాటువేయునప్పుడో? తల నడుముకంటె దిగువకు వచ్చును. వీపుపై పడిన నీరు మెడవైపునకు పారును. పెంకుల వరుస తలక్రిందులైనదన్నమాట. అప్పుడు టోపీ అంచు పట్టాకు పైగా నుండిన, వీపుమీది నీరంతయు ఆ అంచు క్రిందుగా మెడలోనికి దిగును. ఎంత వెలగల టోపీ యైనను ఇక్కడ పనికిరాదు.

ఈ చిక్కును వరిపండించు జనులు పలుచోట్ల ఒకే తీరున విడదీసిరి. కొంకణ దేశమున వెదురు చట్రముపై ఆకులు పొదిగి, తలనుండి నడుము దిగువవరకు ఒకే కప్పుగా చేసిన 'ఇర్లె'ను ధరించి నాట్లు వేయుదురు. మేఘాలయలోని ఖాసీలకు 'క్నుప్' అను కప్పు కలదు. చూచుటకు పడవను బోర్లించినట్లుండును. తల, వీపు రెండును ఒకే కప్పు క్రింద నున్నచో అతుకు లేదు, అతుకు లేనిచో నీరు దూరు సందు లేదు. అస్సాము 'జాపి', ఛత్తీస్‌గఢ్ పశువుల కాపరుల 'ఖుమరి' మాత్రము తలకే పరిమితములు. అవి నిలుచుండు పనికి తగినవి. పనినిబట్టి కప్పు మాఱినది గాని, వారిలో ఒకరు తెలివిగలవారు ఒకరు కానివారును కారు.

కావున మన తల్లులు, అక్కచెల్లెండ్రు తలనుండి నడుమువరకు ఒకే పట్టా వేసికొని నాటువేయుట సరియైన పద్ధతియే. మార్చవలసినది చెవులపై బిగించు ముడి ఒక్కటే. పట్టా క్రింద గట్టి అంచుగల తేలికటోపీ నొకదానిని ధరించి, దానిపైనుండి పట్టాను వీపుపైకి వేసికొని, ముడిని గడ్డము క్రింద గాక చంకల క్రిందుగా రొమ్ముపై వేసికొనవలెను. టోపీ అంచు పట్టాను చెవులకు ఎడముగా ఎత్తిపట్టును. ముఖమునకు గాలి తగులును. పిలిచిన పిలుపు వినబడును. టోపీ కొనునపుడు కొప్పు సంగతి మఱువరాదు. వెనుక కొప్పున్నపుడు మగవారి టోపీ ముందుకు జారి కన్నులపై పడును. జుట్టును పని సమయమున ఎట్లు ముడుచుకొందురో అట్లే ముడుచుకొని, ఆపైన దారముతో తల కొలత తీసికొని, ఒక వ్రేలు పట్టునంత వదులుండునట్లు ఎంచుకొనవలెను.

పశువులు కాయువారికి, అడవిలో వెదురు, కట్టెలకై పోవువారికి మిక్కిలి వెడల్పైన అంచు అడ్డమగును. బయలులో 18 అంగుళముల టోపీ సుఖము. పొదలలో అదే టోపీ ప్రతి కొమ్మకును తగులుకొనును. గడ్డపు త్రాడు గట్టిగా ముడివేసియున్న యెడల కొమ్మకు తగులుకొన్న టోపీ గొంతుకు ఉచ్చగును. త్రాడు లాగిన ఊడిపోవు జారుముడితో నుండవలెను. రంగు పసుపుగాని, నారింజగాని మేలు. మబ్బు పట్టిన సాయంకాలమున ముదురాకుపచ్చ టోపీవానిని పది బారల దూరమున కూడ పోల్చలేము.

ఆయిల్‌పామ్ తోటలలో గెలలు కోయువారికి మాత్రము ఈ టోపీలను మేము చెప్పజాలము. సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు ఈ తోటలు విస్తారముగా పెరిగినవి. ముదురు తోటలో ఒక్కొక్క గెల 20 కిలోల వరకు తూగును, మట్టలకు ముండ్లు. పొడవైన గెడకు కట్టిన కొడవలితో పైకి చూచుచు కోయువానికి వెడల్పైన అంచు పైచూపును కప్పివేయును. అచట వలసినది తలకు దెబ్బ తగులకుండ కాచు గట్టి టోపీ; వానకు దానిపై పలుచని కప్పు. వానటోపీ గెల దెబ్బను ఆపునని యెవ్వరును భ్రమపడరాదు.

ఇప్పుడు నీరాగుట యను గుణమును చూతము. అంగడిలో రెండు మాటలు వినబడును. ఒకటి నీటిని తట్టుకొనునది, మఱొకటి నీరు చొరనిది. మొదటిది తుంపరకు నిలుచును, ముసురునకు నిలువదు. గుడ్డకు నోరు చేర్చి గట్టిగా ఊదుడు. గాలి సులువుగా ఆవలికి పోయిన అది మొదటి రకము. అంతకంటె నమ్మకమైన పరీక్ష మఱొకటి: టోపీని తిరగవేసి గిన్నెవలె పట్టి ఒక గ్లాసెడు నీరు పోసి, చుట్ట కాల్చునంత సేపు ఉంచి, అడుగున చేయి పెట్టి చూడుడు. సాధారణముగా నీరు గుడ్డలోనుండి కారదు, కుట్టులోనుండి కారును. సూది వేసిన ప్రతి రంధ్రము ఒక ద్వారమే. కావున కుట్లపై లోపలివైపున పట్టీ అంటించియున్నదా యని చూడవలెను. నడినెత్తిన కుట్లు కలిసిన టోపీకంటె, నెత్తిపై కుట్టు లేనిది ఉత్తమము.

1823లో చార్లెస్ మెకింటోష్ అను స్కాట్లండు దేశీయుడు రెండు గుడ్డల నడుమ రబ్బరు పూతపెట్టి నీరు చొరని వస్త్రమునకు పేటెంటు పొందెను. వాన ఆగినది గాని చెమటయు ఆగినది! ఆనాటి నుండి ఈ చిక్కు ఉన్నదే. మన ఉక్కలో చెమట వానకంటె తక్కువ తడుపదు. చెమట ఆవిరిని మాత్రము వెలికి పోనిచ్చు వస్త్రములు నేడు కలవు గాని వాని వెల కూలివారికి అందునది కాదు. చౌకయైన ఉపాయము వెదురుటోపీలు అల్లువారి కడ ఉన్నది. వారు టోపీ లోపల చుట్టకుదురువంటి వలయము నొకదానిని అమర్తురు. టోపీ తలనంటక వలయముపై నిలుచును. నడుమ గాలి ఆడును.

ఇచట ఒక హెచ్చరిక చేయక తీరదు. ఏ టోపీయు పిడుగును ఆపదు, రబ్బరుదైనను ఆపదు. మన దేశమున పిడుగుపాటుకు ఏటా 2,000 మందికి పైగా మరణించుచున్నారు. వారిలో పొలములలో నున్నవారే పెక్కురు. మెఱుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు లెక్కపెట్టుడు. 30 లెక్కింపక మునుపే ఉరిమినచో పిడుగు పడు మబ్బు 10 కిలోమీటర్ల లోపలనే యున్నది. వెంటనే నీటిమడి విడిచి పక్కా ఇంటిలోనికి గాని, ఇనుప కప్పుగల మూసిన వాహనములోనికి గాని చేరవలెను. చెట్టు క్రింద నిలువరాదు. కడపటి ఉరుము తరువాత 30 నిమిషములవరకు తిరిగి మడిలో దిగరాదు. ఏ ఆశ్రయమును దగ్గఱ లేనిచో పాదములు రెండును చేర్చి గొంతుకూర్చుండవలెను గాని నేలపై పరుండరాదు. పిడుగు తగిలినవారిని తాకిన మనకు విద్యుత్తు తగులదు. జంకక దగ్గఱకు పోయి, శ్వాస లేనిచో రొమ్ము నొక్కుచు 108కి కబురు చేయవలెను. చెవులు విడిచిపెట్టు తలకప్పు కావలెనని మేము ఇంతగా చెప్పుట ఈ ఉరుము వినుట కొఱకే.

కొనలేనివారు ఇంటనే చేసికొనవచ్చును. మహిళా సంఘములలో కుట్టుపని తెలిసినవారికి ఇది అరపూట పని. మందమైన టార్పాలిన్ ముక్కపై 24 అంగుళముల అడ్డుకొలతగల వృత్తమును గీసి కత్తిరింపుడు. అంచునుండి నడిమివరకు ఒక్క కోత కోయుడు. ఆ కోత ప్రక్కలను ఒకదానిపై నొకటిగా, వృత్తములో ఆరవ వంతు లోపలికి పోవునంత జరిపిన, సుమారు 20 అంగుళముల వెడల్పు, ఆరున్నర అంగుళముల ఎత్తుగల గోపురటోపీ ఏర్పడును. పొదలలో తిరుగువారు వృత్తమును 18 అంగుళములకే గీసికొన్న టోపీ వెడల్పు 15 అంగుళములగును. అతుకును సూదితో గాక టార్పాలిన్ అంటించు జిగురుతో అంటింపవలెను; అతుకు వెనుకవైపునకు రావలెను. అంచునకు లోపలివైపున సన్నని వెదురుబద్దను వలయముగా వంచి అంటించినచో గాలికి ముడుచుకొనదు. లోపల తల కొలతకు పాతగుడ్డతో చుట్టిన వలయమును, నాలుగు నాడాలతో వ్రేలాడునట్లు అమర్చి, ఆ నాడాల కొనలను కూడ కుట్టక అంటింపుడు. గడ్డపు త్రాడును ఈ గుడ్డ వలయమునకే కట్టవలెను. టార్పాలినుకు రంధ్రము చేయరాదు.

ప్రతిదినము పని ముగిసిన తరువాత దీనిని నీడలో వ్రేలాడదీయవలెను. తడిదానిని మడిచి అటుకపై పడవేసిన బూజు పట్టును. పొయ్యి దగ్గఱ పెట్టిన జిగురు కరగి అతుకు విడును. తాటాకు, వెదురు టోపీలకు మాత్రము పొయ్యిపైన కొంచెము ఎత్తున పొగ తగులుట మంచిదే. వానికి పురుగు పట్టదు.