ప్రయాణంలో చివరి మూడు రోజులు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, వృత్తిలో సాధించిన విజయాల గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. పావుగంటకు సరిపడా విజయాలు నా దగ్గర లేవు. అందుకని పోయిన ఆగస్టులో మేం అమెరికా పడమటి తీరం వెంబడి చేసిన ప్రయాణం గురించి, అందులోనూ చివరి మూడు రోజుల గురించి చెబుతాను. ఆఖర్న మన బడి కొత్త భవనం విషయంలో కమిటీ వారికి ఒక విన్నపం ఉంది. ఆ మూడు రోజులు లేకపోతే ఈ విన్నపం చేసే ధైర్యం నాకు వచ్చేది కాదు.

మా అమ్మాయి, అల్లుడు సియాటిల్‌లో ఉంటారు. అక్కడి నుంచి కారులో ఆరెగాన్ తీరం మీదుగా దక్షిణానికి దిగి శాన్‌ఫ్రాన్సిస్కో చేరి, అక్కడ విమానం ఎక్కాలన్నది ఏర్పాటు. మొత్తం పది రోజులు. మొదటి వారమంతా మామూలు యాత్రికుల్లాగే గడిచింది. సముద్రం, కొండలు, ఫొటోలు, మా ఆవిడ సీసాలో పెట్టి తెచ్చిన గోంగూర పచ్చడి. కారు సముద్రం అంచున లోయ పక్కగా మలుపు తిరిగినప్పుడల్లా ఆవిడ ఆంజనేయస్వామిని తలుచుకునేది. నేను రిటైనింగ్ గోడలు ఎలా కట్టారో చూసేవాణ్ణి. ఎవరి భక్తి వారిది.

ఎనిమిదో రోజు పాయింట్ రేయిస్ చేరాం. అది సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోయిన భూశిరం. గాలీ పొగమంచూ విపరీతం. అక్కడి పాత దీపస్తంభం కొండ కొమ్మున కాకుండా బాగా కిందికి ఉంది. పైన కడితే దీపాన్ని పొగమంచు కప్పేస్తుందని అలా కట్టారట. మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. దిగడం సులువే, ఎక్కేటప్పుడు నా వయసు నాకు తెలిసింది.

దీపం చుట్టూ ఉండే పెద్ద గాజు కటకాన్ని 1867లో ఫ్రాన్సులో తయారు చేసి, ఓడలో దక్షిణ అమెరికా కొస చుట్టూ తిప్పి తెచ్చారు. 1870లో వెలిగించారు. 1975 దాకా, అంటే 105 ఏళ్లు పనిచేసింది. దాన్ని తిప్పే యంత్రం మన పాత గోడ గడియారం లాంటిదే. కిందికి దిగే బరువు దాన్ని తిప్పుతుంది. రెండు గంటల ఇరవై నిమిషాలకోసారి ఆ బరువును మళ్లీ పైకి చుట్టాలి. ఒక ప్రధాన కాపరి, ముగ్గురు సహాయకులు ఆరేసి గంటల చొప్పున వంతులు వేసుకుని ఈ పని చేసేవారు. ఆ గాలిలో, ఆ మంచులో, రాత్రంతా. దూరాన పోయే ఓడలో వాళ్లకు వెలుగు కనిపిస్తుంది, బరువు చుట్టే మనిషి కనిపించడు. అప్పటికి అది నాకొక మంచి సంగతిగానే తోచింది, అంతకు మించి ఆలోచించలేదు.

తొమ్మిదో రోజు మ్యూర్ వుడ్స్‌కి వెళ్లాం. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, కొండల మధ్య చిన్న లోయలో ఉన్న రెడ్‌వుడ్ అడవి అది. రెండు వందల యాభై అడుగులు దాటిన చెట్లున్నాయి. చాలావాటి వయసు ఐదారు వందల ఏళ్ల పైమాటే. అంటే మన దగ్గర శ్రీకృష్ణదేవరాయలు గద్దె మీదున్న నాటికే మొలకెత్తిన చెట్లు. లోపల ఎవరూ గట్టిగా మాట్లాడరు. గుడిలో గర్భాలయం ముందు నిలబడ్డట్టుంటుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ స్థలాన్ని విలియం కెంట్ అనే ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ కొన్నారు. అక్కడి వాగుకు ఆనకట్ట కట్టి లోయను ముంచాలని ఒక నీటి సంస్థ బయలుదేరింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజుల్లో నేను అక్కడ ఇంజనీరుగా ఉంటే ఆనకట్టకే అంచనాలు వేసి ఇచ్చేవాణ్ణి. కెంట్ దంపతులు 295 ఎకరాల అడవిని అమెరికా ప్రభుత్వానికి దానంగా రాసిచ్చేశారు. 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. కెంట్ కోరిక మీద దానికి ప్రకృతి ప్రేమికుడైన జాన్ మ్యూర్ పేరు పెట్టారు. దాత పేరే పెడదామని రూజ్‌వెల్ట్ అంటే కెంట్ ఒప్పుకోలేదు. తనకు ఐదుగురు కొడుకులున్నారనీ, వాళ్లు నిలబెట్టలేకపోతే తన పేరు మరుగున పడిపోయినా ఫర్వాలేదనీ జవాబు రాశాడు.

అల్లుడు ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించాడు. అప్పుడు నాకు మన వాట్సాప్ గ్రూపులో వచ్చిన కొత్త భవనం శిలాఫలకం నమూనా గుర్తొచ్చింది. అందులో విరాళం మొత్తాన్ని బట్టి దాతల పేర్లు వరసగా ఉన్నాయి. నా పేరు రెండో వరుసలో ఉంది. అది చూసి సంతోషించి, ఇంటిపేరులో అచ్చుతప్పు ఉందని సవరణ కూడా పంపాను. ఆ చెట్ల కింద ఆ సంగతి తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది.

పదో రోజు, ఆఖరి రోజు, గోల్డెన్ గేట్ వంతెన. ముప్ఫై ఏళ్లుగా దాని గురించి పుస్తకాల్లో చదువుతున్నాను. పొద్దున్నే వెళ్తే మంచులో రెండు గోపురాల శిఖరాలు మాత్రమే కనిపించాయి. పదిన్నరకు మంచు విడిచింది. తూర్పు వైపు కాలిబాట మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను.

వివరాలు రెండు ముక్కల్లో చెబుతాను. 1933 జనవరిలో పని మొదలై, 1937 మే 27న జనానికి తెరిచారు. రెండు గోపురాల మధ్య దూరం 4,200 అడుగులు. ఆనాటికి ప్రపంచంలో అంత పొడుగు అంతరం ఉన్న వేలాడే వంతెన మరొకటి లేదు. మొత్తం భారం మోసే ప్రధాన కేబుళ్లు రెండు. ఒక్కోదాని లావు మూడడుగుల పైన. అంత లావు తాడును ఎవరూ ఎత్తి పైన పెట్టలేరు. అందుకని పెన్సిలు కంటే సన్నటి తీగను, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చక్రం మీద లాగుతూ, అక్కడే కట్టగా పేర్చారు. ఒక్కో కేబుల్‌లో 27,572 తీగలున్నాయి. రెండింటిలోని తీగనూ విప్పి పొడుగ్గా వేస్తే 80,000 మైళ్లు, భూమధ్యరేఖ చుట్టూ మూడు సార్లు చుట్టొచ్చు. వంతెన దక్షిణపు కొసన ఆ కేబుల్ అడ్డకోత నమూనా ఒకటి పెట్టారు. ఏ తీగా రెండో తీగ కంటే లావు లేదు.

ఆ దగ్గరలోనే చీఫ్ ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ విగ్రహం ఉంది. మా అమ్మాయి ఫొటో తీస్తూ, "నాన్నా, ఇది కట్టింది ఈయనేనా?" అంది.

"అవును" అన్నాను. నాలుగడుగులు వేశాక ఆగి, "కాదమ్మా, పూర్తిగా ఆయన కాదు" అన్నాను.

స్ట్రాస్ గొప్పవాడే. ఆయన పదేళ్లకు పైగా పట్టుబట్టి తిరగకపోతే ఆ వంతెన రాదు. పనివాళ్ల కోసం కింద వల కట్టించింది కూడా ఆయనే. ఆ వలలో పడి 19 మంది బతికారు. అయినా మొత్తం 11 మంది పోయారు. అందులో పది మంది 1937 ఫిబ్రవరి 17న, ఒక పరంజా విరిగి వలను చింపుకుని పడిపోయిన ప్రమాదంలో పోయారు. స్ట్రాస్ మొదట గీసిన నమూనా వేరు, అది చాలా మొరటుగా ఉండేది. ఇప్పుడు మనం చూసే వంతెన లెక్కల్లో ఎక్కువ భాగం చార్లెస్ ఎల్లిస్ అనే ఆయన కట్టినవి. లెక్కలూ గ్రీకు భాషా చదువుకుని, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, స్ట్రాస్ దగ్గర చేరిన మనిషి. కంప్యూటర్లు లేవు, స్లైడ్ రూలూ కాగితమే. లియాన్ మోయ్‌సీఫ్ అనే నిపుణుడితో టెలిగ్రాములు నడుపుకుంటూ ఆ పని చేశాడు. 1931 ఆఖర్లో స్ట్రాస్ ఆయన్ని పనిలోంచి తప్పించాడు. జీతం లేకపోయినా ఎల్లిస్ ఆ లెక్కలను నెలల తరబడి సరిచూస్తూనే ఉన్నాడు. తర్వాత పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పుకుని, 1949లో పోయాడు. వంతెన తెరిచిన నాడు ఆయన పేరు ఎవరూ చెప్పలేదు. 2007లో వంతెన యాజమాన్యం తన నివేదికలో ఆయన పాత్రను ఒప్పుకుంది. వంతెన తెరిచి అప్పటికి 70 ఏళ్లు.

ఇదంతా అమ్మాయికి చెబుతుంటే నా గొంతు మారిందట. "ఏమైంది నాన్నా?" అంది. అక్కడ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

పన్నెండేళ్ల కిందట ఒక వాగు మీద వంతెన డిజైన్ నా చేతిలో ఉంది. కొత్తగా చేరిన కుర్రాడొకడు వచ్చి, "సార్, వరదకు వాగు అడుగు మనం అనుకున్న దానికంటే లోతుగా కోసుకుపోతుంది. పునాది సరిపోదు" అన్నాడు. "పని చూసుకో" అని కసిరాను. వాడు మూడు రాత్రులు కూర్చుని, లెక్క మొత్తం తిరిగి కట్టి, నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. చూస్తే వాడిదే నిజం. పునాదులు రెండు మీటర్లు కిందికి దింపాం. ఆ నివేదిక మీద నా పేరు ఒక్కటే ఉంది. సభలో నాకు శాలువా కప్పారు. వాడు వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆరు నెలలకు ఉద్యోగం మానేశాడు. పెద్దవాళ్ల పేరు మీదే కదా కాగితాలు వెళ్లేది అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట ఇన్నేళ్లు బాగానే పనిచేసింది. ఆ విగ్రహం ముందు పనిచెయ్యలేదు.

ఆ రాత్రి హోటల్లో ఫోన్ నంబరు సంపాదించి వాడికి మెసేజ్ రాశాను. ఏం చేశానో రాసి, తప్పు నాదని రాశాను. మర్నాడు విమానాశ్రయంలో ఉండగా జవాబు వచ్చింది. "నేను మర్చిపోయాననుకున్నాను సార్. మర్చిపోలేదని ఇది చదివాక తెలిసింది. వంతెన ఎలా ఉంది?" అంతే. క్షమించానని లేదు, ఫర్వాలేదనీ లేదు. వంతెన బాగుందని రాశాను. ఇండియా వచ్చాక, ఆ లెక్క ఎవరిదో డిజైన్ ఫైల్లో నమోదు చేయమని ఉత్తరం పెట్టాను. నమోదయ్యేదాకా అడుగుతూనే ఉంటాను.

ఇప్పుడు మన బడి సంగతి. 1983లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆ పడమటి వైపు రెండు గదులకు స్లాబు వేశారు. గోడకున్న ఫలకం మీద ప్రారంభించిన పెద్దమనిషి పేరు, తేదీ ఉన్నాయి. స్లాబు వేసిన మర్నాడు మన లెక్కల మాస్టారు పైన మట్టితో మళ్లు కట్టించి, "సిమెంటుకు దాహం ఎక్కువరా, ఇరవై ఒక్క రోజులు నీళ్లు తాగాలి" అన్నారు. రోజూ సాయంత్రం బోరింగు దగ్గర్నుంచి పైదాకా వరసగా నిలబడి బిందెలు అందించుకున్నాం. ఆదివారాలు మాస్టారూ అటెండరు గారూ ఇద్దరే మోశారు. క్యూరింగ్ అనే మాట నేను కాలేజీలో నేర్చుకున్నాను గానీ, పని ఆ స్లాబు మీదే నేర్చుకున్నాను. నిన్న సాయంత్రం వెళ్లి ఆ గదులు చూశాను. నలభై ఏళ్లు దాటినా కప్పుకు చెమ్మ లేదు. మాస్టారి పేరు గానీ, అటెండరు గారి పేరు గానీ ఆ గోడ మీద ఎక్కడా లేవు. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు.

కమిటీ వారికి నా విన్నపం ఇదీ. కొత్త భవనం ఫలకం ఇంకా చెక్కలేదని తెలిసింది. దాతల పేర్లు విరాళం వరసలో కాకుండా అక్షర క్రమంలో వెయ్యండి. నా పేరు పూర్తిగా తీసేసినా నాకు సమ్మతమే, ఆ అచ్చుతప్పు బెడదా వదులుతుంది. దాని పక్కన ఇంకో రాయి పెట్టండి. ఈ బడిలో పనిచేసిన మాస్టార్లు, టీచర్లు, అటెండర్లు, ఊడ్చిన ఆయాలు, అందరి పేర్లూ ఉండాలి. ఆ రాయి ఖర్చు నాది, దాని మీద నా పేరు వద్దు. దాతలు డబ్బు ఇవ్వకపోతే భవనం రాదు, ఆ సంగతి నాకు తెలుసు. స్ట్రాస్ లేకపోతే వంతెనా లేదు. విగ్రహం తీసెయ్యమని నేను అనడం లేదు.

బడి హాజరు పట్టీల్లో కొన్ని పేర్లు దొరుకుతాయి. అన్నీ దొరకవు. అందుకని భోజనాల దగ్గర బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాను. మీకు గుర్తున్న పేర్లు, ఏ సంవత్సరమో, ఏ పని చేసేవారో రాసి వెళ్లండి. మొదటి పేజీలో మాస్టారి పేరూ, అటెండరు గారి పేరూ రాసి ఉంచాను. అటెండరు గారి ఇంటిపేరు నాకు గుర్తు రాలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి పూర్తి చెయ్యండి.