కడుపు నొప్పి – మెదడు తీర్పు



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను, ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. అయితే ఐ.బి.ఎస్. అని పిలిచే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌తో నాకు ముప్పై ఏళ్ళ పరిచయం.

కడుపులో మెలిపెట్టే నొప్పి, కొన్నాళ్ళు విరేచనాలు, కొన్నాళ్ళు మలబద్ధకం. పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్. అప్పుడు ఇంట్లోవాళ్ళు అనే మాట, "మీకేమీ లేదు, అంతా అనుమానం" అని. నొప్పికంటె ఆ మాటే ఎక్కువ బాధిస్తుంది. ఆ మాట సరికాదని శాస్త్రమే చెబుతున్నది.

1973లో రిచీ అనే పరిశోధకుడు పెద్దప్రేగు చివరి భాగంలో చిన్న బుడగ పెట్టి గాలి నింపి చూశారు. 60 మిల్లీలీటర్లు నింపేసరికి ఆరోగ్యవంతుల్లో నూటికి 6గురు నొప్పి అన్నారు. ఈ జబ్బున్నవారిలో నూటికి 55 మంది అన్నారు. బుడగ ఒకటే, బాధ వేరు.

కారణం మన ఆఫీసు భాషలో చెబుతాను. ప్రేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. అక్కడినుంచి మెదడుకు నిత్యం టపాలు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటిని మెదడు మనదాకా రానీయకుండానే ఫైలు చేసేస్తుంది. ఐ.బి.ఎస్.లో మామూలు కాగితానికి కూడా "అర్జంట్" చీటీ పడుతుంది. బాధను, భయాన్ని తూచే మెదడు భాగాలు ఎక్కువగా స్పందించడం స్కానింగుల్లో కనిపించింది. నొప్పిని అణచమని మెదడునుంచి వెన్నుపాములోకి దిగే ఉత్తర్వులు కూడా చాలామందిలో బలహీనంగా ఉంటాయి. దిగులు, నిద్రలేమి తోడైతే బాధ ఇంకా హెచ్చుతుంది. అంతమాత్రాన అది కల్పన కాదు. కాలు విరిగినా నొప్పి తెలిసేది మెదడులోనే గదా!

అందుకే డాక్టరుగారు దిగులు జబ్బుకు వాడే మాత్ర చిన్న మోతాదులో రాస్తే, మనకు పిచ్చి అన్నారని కోపం తెచ్చుకోవద్దు. అమిట్రిప్టిలిన్ తక్కువ మోతాదులో ఈ జబ్బుకు ఉపశమనం ఇస్తుందని ఇంగ్లండులో జరిపిన పెద్ద పరిశీలన 2023లో తేల్చింది. అయితే మన వయసులో మగత, మూత్రం బిగియడం, గుండె ఇబ్బందులు రావచ్చు గనుక సొంతంగా కొని మింగరాదు. మనసును నెమ్మదింపజేసే శిక్షణ, కౌన్సెలింగు కూడా కొందరికి మేలు చేస్తాయి.

ఒక్క హెచ్చరిక. మన వయసులో కొత్తగా మొదలైన కడుపు బాధను ఐ.బి.ఎస్. అని ఎవరికివారు నిర్ణయించుకోవద్దు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత కనబడితే ఆలస్యం చేయక పరీక్షలు చేయించుకోవాలి.

ఇక కుటుంబసభ్యులకు నా మనవి: రిపోర్టు నార్మల్ అని వస్తే సంతోషించండి. కాని "నొప్పి లేదు" అని మాత్రం అనకండి.