ముంపు ఊర్ల ముచ్చట అవ్వను అడుగుదాం
(ప్రసంగ పాఠం)



గద్వాల, వనపర్తి సంస్థానాల రాజుల వంశాల చరిత్ర పుస్తకాలల్ల దొరుకుతది. ఆ సంస్థానాల కింద దున్నినోళ్ల, మోట కొట్టినోళ్ల చరిత్ర యాడుంది? మన ఇండ్లల్ల ముసలోళ్ల నోట్ల ఉంది. దాన్ని రికార్డు చేసుకోవాలెనన్నదే మా మాట.

శ్రీశైలం ప్రాజెక్టునే చూద్దాం. 1963ల పునాది పడ్డది. 1981ల కొల్లాపూర్, వనపర్తి, అలంపూర్ దిక్కు కృష్ణ ఒడ్డు ఊర్లను ఖాళీ చేయించిండ్రు. అవతలి ఒడ్డున కర్నూలు జిల్లా ఊర్లదీ అదే గతి. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని విప్పి తెచ్చి అలంపూర్ల మళ్ల కట్టిండ్రు. ఊర్లను గట్ల ఎవలు తెచ్చిండ్రు?

1986ల జీవో 98 వచ్చింది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగమన్నది. కొలువు అడగాలంటే ఇల్లెవరిది, భూమెవరిది, వారసులెవరు అన్నది తేలాలె. కుటుంబ చరిత్ర ఉత్త ముచ్చట కాదు, హక్కు.

రికార్డుకు సెల్‌ఫోన్ చాలు. ముందుగాల వాళ్లను అడిగి ఒప్పించాలె. పేరు, ఊరు, ఆ రోజు తేదీ చెప్పి మొదలుపెట్టాలె. ఏ సంవత్సరమని అడిగితే చాలామంది చెప్పలేరు. పోలీస్ యాక్షన్‌కు ముందా, ఎన్కనా అంటే 1948 ఆనవాలు దొరుకుతది. ఫసలీ సనం చెబితే 590 కలుపుకోవాలె. ఆ తర్వాత పాత పహాణీతో సరిచూడాలె. తేడా వస్తే రెండూ రాసిపెట్టాలె.

పహాణీల ఆడోళ్ల పేర్లు తక్కువ. అందుకే అవ్వను వేరేగ కూర్చోబెట్టి అడగాలె. తల్లిగారూరేది? మునిగిన ఇంటి పక్కన ఎవరుండె? మేస్త్రీ అడ్వాన్సిచ్చి ఏ డ్యాం పనికి తీస్కపోయిండు? పిల్లలను ఎవరికాడ ఇడిసిపోయిండ్రు? పాలమూరు లేబర్ అని దేశమంతా అన్నది గాని, ఆ లేబర్ల మన అవ్వ పేరు ఎవలూ రాయలే. చెప్పేటప్పుడు మధ్యల అడ్డం పడొద్దు. ఏడిస్తే ఆపాలె, ఇంకో దినం పోవాలె.

2014ల రాష్ట్రం వచ్చింది. 2016ల గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలైనయి. 1981ల ఇరవై ఏండ్లున్న పిల్ల ఇయ్యాల అరవై దాటిన అవ్వ. అప్పటి పెద్దలు ఒక్కొక్కరే రాలిపోతున్నరు. నీళ్ల కింద ఏ వాడ యాడుండెనో చెప్పేటోళ్లు వాళ్లే.

సెలవులకు ఇంటికి పోయే ప్రతి విద్యార్థి ఒక్క గంట రికార్డు చెయ్యాలె. ఉద్యోగులు దాన్ని కాగితం మీద పెట్టాలె. ఒక కాపీ ఇంట్ల, వాళ్లు సరేనంటే ఇంకోటి ఊరి బడిల ఉంచాలె. ఈ పనికి జీవో అక్కర్లేదు. ఈ ఆదివారమే మొదలుపెడదాం.