తల్లి సంతకం చెల్లదా?

మన గురజాలలో నలుగురి ముందు మాట్లాడటం నాకిదే మొదలు. నేను డాక్టర్ని కాను. బిడ్డ మంచం పక్కన పది రోజులు కూర్చున్న తల్లిని.

మా పాపకు పుట్టుకతోనే గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం. పట్నంలో ఆపరేషన్ చేసి మూశారు. మర్నాడు చూస్తే పాప రొమ్ము కింద నుంచి సన్నని తీగలు బయటికొచ్చి, ఒక చిన్న పెట్టెకు తగిలించి ఉన్నాయి. హడలిపోయాను. ఎవరినడిగినా ‘మీ ఆయన్ని రమ్మను, ఆయనకు చెప్తాం’ అన్నారు. ఆయన మిరపకోతలకు ఊరెళ్ళాడు.

చివరికి ఒక నర్సమ్మ చెప్పింది. గుండెను కొట్టుకోమనే సంకేతం పై గదుల నుంచి కిందికి ఒక సన్నని దారిలో వెళుతుంది. ఆ దారి రంధ్రం అంచునే ఉంటుంది. కుట్లు వేసేటప్పుడు అక్కడ వాచినా, దెబ్బతగిలినా గుండె మందగిస్తుంది. అప్పుడు ఆ పెట్టె బ్యాటరీతో సంకేతం పంపుతుంది. చాలామంది పిల్లలకు వారం, పది రోజుల్లో గుండె తేరుకుంటుంది, తీగలు తీసేస్తారు. తేరుకోకపోతేనే శాశ్వత పేస్‌మేకర్.

ఒకప్పుడు ఈ యంత్రాలు గోడ ప్లగ్గు మీదే నడిచేవట. 1957 అక్టోబర్ 31న అమెరికాలోని మినియాపొలిస్‌లో కరెంటు పోయింది. ఆ తర్వాత పిల్లల గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్ లిల్లీహై అడిగితే, ఎర్ల్ బాకెన్ కొన్ని వారాల్లోనే బ్యాటరీ పెట్టె తయారుచేశాడు.

ఆరో రోజున, శాశ్వత పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు, తండ్రి సంతకం కావాలన్నారు. నేను పెడతానంటే ‘తల్లిది చెల్లదు’ అన్నారు. ఆ మాట తప్పని తర్వాత తెలిసింది. 1956 నాటి చట్టం హిందూ మైనరు పిల్లలకు తండ్రి, ఆయన ‘తర్వాత’ తల్లి సంరక్షకులంది. ‘తర్వాత’ అంటే తండ్రి చనిపోయాకనే కాదు, ఆయన దగ్గర లేనప్పుడు కూడా అని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

తొమ్మిదో రోజున మా పాప గుండె తనంతట తానే అందుకుంది. సంతకంతో పని పడలేదు. పడి ఉంటే?

అందుకే చెబుతున్నాను. ఆ తీగల్ని మనం ముట్టుకోకూడదు. కానీ అడగాలి. పెట్టె వేగం తగ్గిస్తే బిడ్డ సొంత గుండె ఎంత కొట్టుకుంటోంది? బ్యాటరీ ఎప్పుడు మార్చారు? ఇంకో పెట్టె దగ్గరుందా? తీగలు తీశాక ఎంతసేపు కనిపెట్టి ఉంటారు? రాత్రంతా కాపలా కాసే తల్లికి జవాబు చెప్పి తీరాలి. మీ సంఘాల్లో ఆ తీర్పు సంగతి అందరికీ చెప్పండి.